రాతి తోరణం హీరో అయితే, మన గుండ్లు ఎవరు?

"ఇంగ్లీషు సినిమాల్లో హీరో గుర్రమెక్కి రాతి తోరణం కిందనుంచి దూసుకుపోతాడు. అలాంటిది చూడాలంటే అమెరికాయే వెళ్ళాలా? మా చుట్టూ ఇన్ని కొండలున్నాయి, ఒక్క తోరణమైనా లేదేం?" అని నారాయణపేట పాఠకుడొకరు నిలదీశారు. ప్రశ్నలో కాస్త ఉక్రోషం ఉన్నా, అడగదగ్గ ప్రశ్నే. ఈ వారం ఆ సంగతే చూద్దాం.

అమెరికా దాకా ఎందుకండీ, తిరుమల చాలు! శ్రీవారి ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం దగ్గర శిలాతోరణం ఉంది. పాతిక అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. దర్శనం కాగానే లడ్డూలు సంచిలో వేసుకుని కొండ దిగిపోయే భక్తులు చాలామంది అటు తొంగి చూడరు. చూసినవాళ్ళేమో "ఆసియా మొత్తానికి ఇదొక్కటే" అని గొప్పగా చెబుతారు. ఆ మాట మాత్రం నిజం కాదు. చైనాలో కాష్గర్ దగ్గరున్న షిప్టన్ తోరణం దాదాపు 1,200 అడుగులు! 1947లో ఎరిక్ షిప్టన్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు దాన్ని బయటి లోకానికి పరిచయం చేశాడు. ఇక అమెరికాలో, యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కులో 2,000కు పైగా తోరణాలున్నాయి. వాటిముందు మనది చిన్నదే. కానీ కథ పెద్దది.

తిరుమల ఘాట్ రోడ్డులో కొండకోత చూశారా? అడుగున గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దానిమీద క్వార్ట్‌జైటు, వయసు సుమారు 160 కోట్ల ఏళ్ళు. మధ్యలో ఎన్నో కోట్ల ఏళ్ళ రీళ్ళు గల్లంతు! తోరణం పైనున్న క్వార్ట్‌జైటులో పుట్టింది. అది ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డ రాయి. బలహీనంగా ఉన్న పొరను నీరూ గాలీ తొలిచేస్తే, గట్టి పొర పైన దూలంలా నిలబడిపోతుంది. అదే తోరణం.

మరి నారాయణపేట సంగతి? అక్కడున్నది తిరుమల అడుగున ఉన్న రాయికి అన్నదమ్ముల వరస... పాత గ్రానైటు. దానికి పొరలుండవు, పగుళ్ళే ఉంటాయి. ఆ పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులూడి చివరికి గుండు మిగులుతుంది. గుండు మీద గుండు! తోరణం హీరో అనుకుంటే ఈ గుండ్లు క్యారెక్టర్ ఆర్టిస్టులు. పోస్టరు మీద పెద్ద బొమ్మ పడదు గాని, సీను నిలబెట్టేది వీళ్ళే. 'షోలే' (1975) చూడనివారెవరు? గబ్బర్ సింగ్ గర్జించింది ఏ తోరణం కిందా కాదు, బెంగుళూరు దగ్గర రామనగరం గ్రానైటు కొండల మధ్యనే!

కనుక బయల్దేరండి. నారాయణపేటకూ మహబూబ్‌నగర్‌కూ నడుమ కోయిల్‌కొండ కోట ఉంది. ఒక్కో ద్వారం దాటుతూ ఎక్కి, పైన బురుజు దగ్గర నిలబడితే పొలాలూ, చెరువులూ, గుట్టలూ సినిమాస్కోపులో కనిపిస్తాయి. దక్షిణాన కృష్ణ ఒడ్డుకు పోతే ముడుమాల్. అక్కడ పది పద్నాలుగు అడుగుల నిలువురాళ్ళను వేల ఏళ్ళ కిందటి మనుషులు నిలబెట్టారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి అవి ఎక్కాయి. అడవి లోయ చూడాలనుకుంటే శ్రీశైలం దారిలో, మన్ననూరు దాటాక ఫర్హాబాద్ వ్యూపాయింట్ ఉంది. అది పులుల అభయారణ్యం. అక్కడ సొంత నడక కుదరదు, అటవీశాఖ బండి ఎక్కవలసిందే.

నడిచేవారికి రెండు ముక్కలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే దిగండి. నీళ్ళు దండిగా ఉండాలి. బండకు తేనెపట్టు కనిపిస్తే పొగ, అల్లరి రెండూ వద్దు. వాన పడితే గుండు జారుతుంది, హీరోయిజం పనికిరాదు.

ఇక అసలు మాట. రాయి శాశ్వతం అనుకుంటాం. మాల్టా దేశంలో, గోజో ద్వీపం ఒడ్డున 'అజూర్ విండో' అనే రాతి తోరణం ఉండేది. 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' (1981) మొదలు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' దాకా కెమేరా ముందు వెలిగిపోయింది. 2017 మార్చి 8న తుఫానులో కూలి సముద్రంలో కలిసిపోయింది. ఇప్పుడది తెర మీదే మిగిలింది. దాన్ని కూల్చింది అలలు. మరి మన గుండ్లనో? మందుగుండు! హైదరాబాదులో బంజారాహిల్స్, జూబిలీహిల్స్ బండలెన్నో ఇళ్ళకూ రోడ్లకూ దారి ఇచ్చి మాయమయ్యాయి. పల్లెల్లో కంకరగా, పలకలుగా లారీలెక్కుతున్నాయి. తిరుమల తోరణానికి పేరుంది, కంచె ఉంది, కాపలా ఉంది. ఊరి వెనక గుండుకు ఏముంది? దాన్ని చూడ్డానికి వచ్చే మనిషి తప్ప!

అందుకే అంటున్నాను, తోరణం లేదని చిన్నబుచ్చుకోకండి. ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఊరి గుట్ట ఎక్కండి. దాని వయసెంతో వాళ్ళకు చెప్పండి. ఫోటోలు ఎన్నైనా తీసుకోండి. సున్నంతో, పెయింటుతో పేర్లు మాత్రం రాయకండి. 250 కోట్ల ఏళ్ళుగా ఆడుతున్న ఆ బొమ్మకు టైటిల్ కార్డు అక్కర్లేదు!