యంత్రాన్ని అడిగే ముందు

చదరంగం బల్ల తీసి ఈ స్థితిని పేర్చండి. తెల్లరాజు జి1లో, శకటు సి3లో, బంట్లు జి2, హెచ్4 గళ్ళలో. నల్లరాజు ఇ6లో, శకటు ఎఫ్5లో, బంట్లు ఎ4, డి5, ఎఫ్6, జి6 గళ్ళలో. ఎత్తు నలుపుది. మీరైతే ఏం వేస్తారు?

అప్పుడే కంప్యూటర్ జోలికి పోకండి. ఓ అరగంట ఆలోచించి, తోచిన ఎత్తు కాగితంమీద రాసుకోండి.

ఇది 1998లో స్పెయిన్ దేశంలోని లినారెస్‌లో వెసెలిన్ టోపలోవ్, అలెక్సీ షిరోవ్ ఆడిన ఆటలోది. నల్లపావులు షిరోవ్‌వి. రెండు బంట్లు ఎక్కువున్నా అతనికి గెలుపు తేలిక కాదు. ఒకరి శకటు తెల్లగళ్ళలోనూ, మరొకరిది నల్లగళ్ళలోనూ తిరిగేటప్పుడు అవి ఎన్నడూ ఎదురుపడవు; అటువంటి ఆటలు చాలావరకు సమంగా ముగుస్తాయి. షిరోవ్ తన 47వ ఎత్తుగా శకటును తీసుకెళ్ళి హెచ్3లో పెట్టాడు. తెల్లబంటు నోటికి అందించినట్టే!

ఎందుకు? నల్లరాజు ఎఫ్5 మీదుగా ఇ4 చేరాలి. ఎఫ్5లో తన శకటే అడ్డంగా ఉంది. దాన్ని తీరిగ్గా పక్కకు జరిపితే ఆలోగా తెల్లరాజు ముందుకొచ్చి దారి మూసేస్తాడు. హెచ్3లో పెడితే జి2 బంటుకు ముప్పు. ఆ బంటుతో శకటును చంపితే తెలుపుకు ఒక ఎత్తు ఖర్చయిపోతుంది. టోపలోవ్ చంపాడు. చంపకపోయినా ఫలితం మారదు, ఎలాగో మీరే వెతకండి. తరువాత నల్లరాజు ఇ4 దాటి వెళ్ళి ఎ, డి వరుసల బంట్లకు అండగా నిలిచాడు. ఒంటరి శకటు ఆ రెండింటినీ ఆపలేదు. 53వ ఎత్తు తరువాత టోపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆనాటి చదరంగ ప్రోగ్రాములకు ఈ ఎత్తు అంతుపట్టలేదు. కారణం వింతేమీ కాదు. ఆట మధ్యలో ఒక్కో స్థితిలో 30 ఎత్తులు వీలవుతాయనుకోండి. ఇద్దరూ తలా మూడుసార్లు ఆడేసరికి 72 కోట్ల 90 లక్షల దారులు! అన్నిటినీ చివరిదాకా చూడటం కుదరక, పనికిరావని తోచినవాటిని యంత్రం మధ్యలోనే వదిలేస్తుంది. ఊరికే శకటును ఇచ్చెయ్యడం దానికి అలాగే తోచింది. స్టాక్‌ఫిష్ వంటి నేటి ప్రోగ్రాములు ఇంతకంటే ఎంతో లోతుకు పోగలవు.

నా దిగులల్లా అక్కడే. ఇప్పుడు యంత్రం ఎత్తు చూపి, పక్కన ఏ పక్షానికి ఎంత మేలో ఒక అంకె వేస్తుంది. ఇ4కు దారి కావాలన్న సంగతి ఆ అంకెలో ఎక్కడుంది? అయినా, ఆట ముగియగానే అంకె చూసి, తప్పు తెలిసిపోయిందని లేచిపోయే పిల్లలను చూస్తున్నాను. లెక్కల పుస్తకం వెనకపేజీలో జవాబు చూసుకుని లెక్క వచ్చేసిందనుకోవడం లాంటిదే ఇదీను. పోటీలో బల్లముందు కూర్చున్నప్పుడు ఏ యంత్రమూ పక్కన ఉండదు. ఉంటే నేరం కూడా.

యంత్రాన్ని మానెయ్యమనడం లేదు. దానితో వాదించండి అంటున్నాను. మీ కాగితంమీద ఏముంది? శకటును ఇ4లో పెడదామనా? అయితే తెల్లపావులు యంత్రానికిచ్చి ఆ ఎత్తే వెయ్యండి. రాజు నిలవాల్సిన గడిలో శకటు నిలబడి ఉందని నాలుగైదు ఎత్తుల్లో మీకే తెలుస్తుంది.