అరచేతిలో వైకుంఠము

నెల్లూరు జిల్లాలో సముద్రతీరమున నున్న ముత్తుకూరు ప్రాంతమున రొయ్యల గుంటలు విస్తారముగా కలవు. రాత్రివేళ, విశేషించి తెల్లవారుజామున, గుంటలోని నీటియందు ప్రాణవాయువు తగ్గిపోవును. కావున ఏరియేటర్లు ఆగకుండ తిరుగవలెను. కరెంటు పోయినచో తత్క్షణమే డీజిలు ఇంజను నడుపవలెను. కొంతసేపు ఏమరినను రొయ్యలు చచ్చి పంట యంతయు పోవచ్చును. అందుచే గట్టుమీద కాపున్న యువకునకు కన్ను మూయుటకు వీలులేదు. వానికి తోడెవరు? వాని సెల్‌ఫోను.

ఆ ఫోనును తిట్టిపోయుట పెద్దలకు పరిపాటి యైనది. తిట్టెడి పెద్దల చేతిలోను అదియే యుండుట వేరు సంగతి. గట్టుమీద నొంటరిగా నున్నవానికి ఇంటివారి కంఠము వినిపించునది అదియే. తుపాను హెచ్చరికను అందించునదియు అదియే. 2020లో కరోనా కారణమున బడులు మూతపడినప్పుడు ఎందరో విద్యార్థులకు పాఠములు దానిద్వారానే చేరినవి. దోషమును వెదకవలసిన చోటు అందులోని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మొదలగువాని నిర్మాణము.

హరికథకు మంగళహారతి కలదు. తోలుబొమ్మలాట తెల్లవారుసరికి ముగియును. ఫోను తెరపై జారు బొమ్మలకు అట్టి ముగింపు లేదు. వ్రేలు కదలించిన కొలది క్రొత్తది వచ్చుచునే యుండును. ఈ యేర్పాటును 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ అను అమెరికా దేశస్థుడు తరువాత తానే దానికై పశ్చాత్తాపము ప్రకటించెను. 2009లో ఫేస్‌బుక్ ‘లైక్’ గుర్తును ప్రవేశపెట్టెను. నాటినుండి మెప్పునకు లెక్క యేర్పడినది. పూర్వము ఊరిలో నొకడు బాగుగా పాడినచో పదిమంది తలలూపెడివారు. ఎందరూపిరో లెక్కించి ఎవరును గోడమీద వ్రాయలేదు.

అర్ధరాత్రి గుంటగట్టున కూర్చున్న యిరువదేండ్ల యువకుడు ఆ తెరలో నేమి చూచును? తనతో చదివినవాడు బెంగళూరులో గాజుమేడ ముందు నవ్వుచు నిలిచి యుండును. మరియొకడు క్రొత్త మోటారుసైకి లెక్కి యుండును. మొదటివాని అద్దెబాకీ తెరమీదికి రాదు. రెండవవాని వాయిదాలును రావు. తన దోమలు, తన బురదకాళ్లు మాత్రము వీనికి స్పష్టముగా తెలియును. ఒరుల యొక్క క్షణమును తన రాత్రి యంతటితో పోల్చుకొని వీడు చిన్నబోవును. అరచేతిలో వైకుంఠము చూపుట యన నిదియే. కాపు ముగించి యిల్లు చేరిన పిదపనైనను నిద్రించునా? తాను పెట్టిన చిత్రమును ఎందరు మెచ్చిరో చూచుకొనుచు పగటినిద్రయు పోగొట్టుకొనును. నిద్ర చెడిన మనస్సు చిన్నమాటకే క్రుంగును.

ఈ తెర బలము ముత్తుకూరువారికి క్రొత్త కాదు. 2021 మే నెలలో ఈ మండలమందలి కృష్ణపట్నమున ఆనందయ్య కరోనాకు మందిచ్చుచున్నాడను వార్త ఫోనులద్వారా వ్యాపింపగా వేలకొలది జనులు వచ్చిపడిరి. పరీక్షలు జరుపుటకై ప్రభుత్వము పంపిణీని కొంతకాల మాపవలసి వచ్చెను. అంతమందిని కదలించినది ఒంటరివానిని కదలింపదా?

దినమునకు మూడుగంటలకు మించి వీనితో గడుపు బాలబాలికలకు దిగులు, ఆందోళన కలుగు ప్రమాదము రెట్టింపని 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరించెను. ఫోనువలన దిగులు పుట్టెనో, దిగులువలన ఫోను పట్టిరో యను వివాదము మాత్రము పండితులలో నింకను తీరలేదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2014లోనే ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయమును తెరచెను. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్లలోపువారికి ఈ ఖాతాలను నిషేధించెను. కాని గట్టుమీదివానికి ఇరువదేండ్లు. వాని ఫోనును ఏ చట్టమును లాగుకొనదు, లాగుకొనరాదు కూడ.

వానికి కావలసినది మాటాడెడి మనిషి. దిగులు మితిమీరినచో 14416 సంఖ్యకు రాత్రి పగలనక ఉచితముగా ఫోను చేయవచ్చును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవ యిది, తెలుగులోనే మాటాడుదురు. ఈ సంఖ్యను వానికి చెప్పుటకు ఇంటివారు సిగ్గుపడరాదు. గుంటల యజమానులు రాత్రికాపునకు ఒక్కనికి బదులు ఇద్దరిని పెట్టవలెను. కూలి కొంత హెచ్చును. పంట విలువ యెదుట అది యెంత? ఒకడు ఏరియేటర్లను కనిపెట్టియుండగా రెండవవాడు ఫోను ప్రక్కన బెట్టి గంటసేపు కునుకు తీయవచ్చును.