మంచం పక్కన ఒప్పుకోలు

కిడ్నీ జబ్బు పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చావు ముందే కబురు పెట్టి వస్తుంది. క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన రోజు, కవిటి అయినా వజ్రపుకొత్తూరు అయినా, ఆ ఇంటికి మొదటి బెంగ డబ్బు. ప్రభువును నమ్ముకున్న కొడుకో కోడలో ఉంటే, రెండో బెంగ పెద్దాయన ఆత్మ. ‘నాన్న రక్షణ పొందకుండానే పోతాడేమో’ అన్న ఆ దిగులును మతప్రచారమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. నరకం ఉందని నమ్మినవాడు కన్నతండ్రి గురించి నిశ్చింతగా ఉంటేనే అనుమానించాలి. కానీ ఆ మాట అడగడానికి తగిన చోటంటూ ఒకటుంటుంది; ఆస్పత్రి మంచం అది కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. అలాంటి చోట నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రానికి అతుక్కుని పడుకున్న మనిషి, మాట నచ్చకపోతే లేచి వెళ్లలేడు. అక్కడ విశ్వాసపు ఒప్పుకోలు రాబట్టడం బలవంతమే. మెడలో డయాలసిస్ గొట్టం ఉన్నవాణ్ని మునక బాప్తిస్మానికి చెరువులో దించితే ఇన్‌ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోవచ్చు. అంత తొందరెందుకు? ఈ తీరంలో సువార్త ప్రకటించిన కెనడియన్ బాప్టిస్టుల బోధలోనే బాప్తిస్మం రక్షణకు షరతు కాదు. లూకా 23లో సిలువ మీది దొంగ ఏ నీళ్లలోనూ మునగలేదు. కొబ్బరితోటల్లో పుట్టి, పొటాషియం భయంతో బొండాం నీళ్లు తాగలేని ఆ పెద్దాయనకు ముందు తోడు కూర్చోండి, ఆయన అడిగితే చెప్పండి. పోయాక దహనమా, సమాధా అన్నది మాత్రం ఆయనకు మాట ఉండగానే ఆయన్నే అడగాలి. శవాన్ని వాకిట్లో పెట్టుకుని తగువాడే హక్కు సంఘానికీ లేదు, కులపెద్దలకీ లేదు.