ఆట ఒకటే, గీతలు రెండా?

హాకీ ఇండియా లీగ్‌లో జట్టు కట్టేవాళ్ళు ఇష్టం వచ్చినంత డబ్బు కుమ్మరించడానికి లేదు. 2024 వేలంలో పురుషుల జట్టుకి 4 కోట్లు మించకూడదన్నారు. అందులోనే 24 మందిని తీసుకోవాలి. సూర్మా జట్టు హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక్కడికే 78 లక్షలు పెట్టింది. ఇక మిగతా 23 మందినీ 3 కోట్ల 22 లక్షల్లోనే సర్దుకోవాలి. ఈ పద్ధతి మంచిదే. లేకపోతే డబ్బున్న జట్టే మంచి ఆటగాళ్ళందరినీ ఎగరేసుకుపోతుంది.

మరి ఆడవాళ్ళ జట్టుకి 2 కోట్లేనట! ఎందుకు? మైదానం అదే, ఆట అరవై నిమిషాలే, గోల్‌పోస్టు చిన్నదేం కాదు. వాళ్ళ వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన ఉదితకి వచ్చింది 32 లక్షలే.

"ఆడవాళ్ళ ఆట చూసేవాళ్ళు తక్కువ" అంటారు. సరే, అలాగైతే యజమానులే తక్కువకి పాడుకుంటారు. పరిమితి అంటే ఖర్చుపెట్టి తీరాల్సిన డబ్బు కాదు, అంతకు మించొద్దని గీసిన గీత. ఎక్కువ ఇద్దామనుకున్నవాళ్ళ చెయ్యి కూడా అది పట్టుకుని ఆపుతుంది.

2025 జనవరిలో ఆడవాళ్ళ మొదటి కప్పు గెలిచింది మన ఒడిశా వారియర్సే. వాళ్ళని చూసి కర్ర పట్టే ఆడపిల్లలకి "నీ విలువ సగం" అని ముందే చెప్పకండి. గీత ఇద్దరికీ ఒక్కచోటే గియ్యండి.