కడుపులో దాచుకున్న మాట

మా పిన్ని కూతురికి ఏడో నెలలో కడుపునొప్పి మొదలైంది. తిన్న కాసేపటికి రావడం, తగ్గడం, మళ్ళీ రావడం. ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, బిడ్డ బాగానే ఉంది, గ్యాస్ అన్నారు. "ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్ అయిందా?" అని డాక్టరు అడిగితే, మా చెల్లెలు పక్కనున్న అత్తగారి వైపు చూసి లేదంది.

అయింది. లావుగా ఉందని నాలుగు సంబంధాలు తప్పిపోయాక, పెళ్ళికి రెండేళ్ళ ముందు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించారు. ఫారం మీద సంతకం తనది, చదివింది బాబాయి. అత్తవారికి తెలియకూడదని పిన్ని ఒట్టు వేయించుకుంది.

నేను వెళ్ళి అత్తగారిని టీ తాగడానికి తీసుకెళ్ళి, డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పేగు మెలిపడి నల్లబడింది. కొంత కోసేయాల్సి వచ్చింది. తల్లీబిడ్డా దక్కారు. (గర్భిణిని ఇలాంటి ప్రశ్న అత్తగారి ముందు అడగకూడదని డాక్టర్లకు ఎవరు చెప్పాలి?)

ఈ ఆపరేషన్‌లో పొట్టను చిన్న సంచిలా చేసి చిన్నపేగును దానికి కలుపుతారు. అప్పుడు పేగుల్ని పట్టి ఉంచే పొరలో సందులు ఏర్పడతాయి. ఒళ్ళు తగ్గి ఆ పొరలోని కొవ్వు కరిగితే సందులు పెద్దవవుతాయి. ఏళ్ళ తర్వాతైనా పేగు వాటిలోకి దూరి మెలిపడవచ్చు. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పేగుల్ని పైకి తోస్తుంది. వాంతులు కాకపోవచ్చు, స్కానింగ్‌లో కనబడకపోవచ్చు. స్వీడన్‌లో 2,507 మందిపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సందులు కుట్టి మూసినవారిలో మూడేళ్ళలోపు పేగు అడ్డుపడి మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు నూటికి 5.5, మూయనివారిలో 10.2. మా చెల్లెలికి మూశారో లేదో ఎవరూ చెప్పలేదు.

అరుదైనవన్నీ చెబుతూ కూర్చుంటే ఎవరు ఆపరేషన్ చేయించుకుంటారని డాక్టర్లంటారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న ఆమె బదులు తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని గొప్ప తీర్పే ఇచ్చింది. కానీ అందులోనే, ఎక్కడో జరిగే ప్రమాదాలు రోగికి వివరించనక్కర్లేదనీ అంది. ఇక్కడే నాకు పేచీ. మత్తుమందు వికటిస్తే చూసుకోవడానికి పక్కన డాక్టరుంటాడు. అయిదేళ్ళ తర్వాత వంటింట్లో వచ్చే ఈ నొప్పిని గుర్తుపట్టాల్సింది ఆ ఆడమనిషే. ఆమెకే చెప్పకపోతే ఎలా?

ఆపరేషన్ పేరు, సందులు మూశారో లేదో, ఏ నొప్పికి వెంటనే సర్జన్ దగ్గరికి పరుగెత్తాలో తెలుగులో రాసి, కాగితం ఆమె చేతికే ఇవ్వాలి. తండ్రికీ, భర్తకూ కాదు.

మా చెల్లెలి మొదటి ఆపరేషన్ కాగితాలు ఇప్పటికీ పిన్ని బీరువాలోనే ఉన్నాయి. పిన్ని నాతో మాట్లాడటం మానేసింది.