సద్దు వెతికినందుకు కూలి ఇయ్యని మనం



పోయిన ఆదివారం సంఘం కూటం ముగిసి అందరం కాఫీ తాగుతా ఉంటే, ఒక తమ్ముడు తన కారు సంగతి ఎత్తినాడు. పదిహేనేండ్లు దాటిన బండి. గుంతలో పడితే ముందు చక్రం దగ్గర టక్కు టక్కుమంటుంది, ఏం చేద్దాం అని అడిగినాడు. "షాక్ అబ్జార్బర్లు పోయినాయి, మార్చేయ్" అని నలుగురు. "పాత బండి అట్లనే మోగుతుంది, పాటలు గట్టిగా పెట్టుకో" అని ఇద్దరు. "అమ్మేసి కొత్తది తీసుకో" అని మిగతావాళ్ళు. ఆ సద్దు ఎప్పుడు వస్తుంది, యాడ నుంచి వస్తుంది అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పొద్దు మేమూ నోరు మూసుకొనే ఉన్నాము. అందుకే ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నాము. మాటలు కారంగా ఉంటే మన్నించండి, కోపం మొదట మా మీదనే.

ఏమిటికంటే మా ఇంటి బండికీ ఇదే జరిగింది. అంచెట్టికి పోయే అడవి దారి ఎట్లా ఉంటుందో మీకు చెప్పబల్లేదు. ఆ దారిలో మోగడం మొదలయింది. గ్యారేజీకి పోయి మేమేమన్నాము? "షాక్ పోయినట్లుంది, మార్చు" అన్నాము. జబ్బు చెప్పకుండా మందు మేమే చెప్పినాము. వాళ్ళు మార్చిరి. రెండు పక్కలకూ కలిపి 6,400 రూపాయలు. ఇల్లు చేరే లోపలే మళ్ళీ టక్. రెండోసారి పోతే స్ట్రట్ పైన ఉండే మౌంట్లు మార్చిరి. మళ్ళీ టక్. మూడోసారి "స్టీరింగ్ ర్యాక్ మార్చాల" అన్నారు. ఆ ర్యాక్ వెల విన్నాక గానీ మాకు బుద్ధి రాలేదు.

ఇంటికి వచ్చి మొదట డిక్కీ ఖాళీ చేసినాము. జాకీ తన గూట్లో బిగించకుండా పడి ఉంది. దాని పక్కన బేటరాయస్వామి గుడికని కొని మరిచిపోయిన టెంకాయ ఒకటి. సద్దులో సగం టెంకాయదే! నవ్వుకోండి, మేమూ నవ్వినాము. దుడ్డు పోయినాక వచ్చిన నవ్వు.

మిగిలిన సగం మాత్రం ముందు నుంచే. దాన్ని పట్టడానికి ఇంటావిడ వెనక సీట్లో కూర్చొని చెవి పెట్టింది. వీధి చివరి స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేటట్లు మెల్లగా పోతే సద్దు లేదు. ఒక పక్క చక్రం మాత్రం ఎక్కేటట్లు అంచున పోతే టక్. పది సార్లు పోయినాము, పది సార్లూ అంతే. చూసినవాళ్ళు మాకు మతి పోయిందనుకొని ఉంటారు.

ఇందులోనే గుట్టంతా ఉంది. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతా అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ మెలి తిరగదు. ఒకటి లేచి ఒకటి లేవకపోతే మెలి తిరుగుతుంది, దాన్ని పట్టుకొన్న రబ్బరు బుష్షుల మీద బరువు పడుతుంది. బుష్షు అరిగి ఉంటే కడ్డీ పోయి ఇనుముకు కొట్టుకుంటుంది. షాక్ అబ్జార్బర్‌దే తప్పయితే రెండు చక్రాలూ కలిసి ఎక్కినప్పుడూ తెలియాల కదా? ఈ ప్రశ్న మేము వేయలేదు, గ్యారేజీవాళ్ళూ వేయలేదు.

చివరికి కెలమంగలం దారిలో ఒక చిన్న షెడ్డు మెకానిక్ మాతో బండిలో కూర్చొని అర్ధగంట తిరిగి, కిందికి పోయి చూసి, ఆ బుష్షులే అన్నాడు. బుష్షులు 220 రూపాయలు, బిగించిన కూలి 300. "వెతికినందుకు ఎంత?" అని అడిగితే, "దానికేముందన్నా, దానికి ఎవురూ ఇయ్యరు" అన్నాడు.

అదీ సంగతి. దానికి ఎవురూ ఇయ్యరు. కొత్త వస్తువుకు 6,400 లెక్కపెట్టి ఇస్తాము, అర్ధగంట చెవి పెట్టి వెతికినవానికి 300 ఇయ్యమంటే "చూసినందుకు కూడా దుడ్డా?" అంటాము. మరి వాడు ఏమిటికి వెతుకుతాడు? వస్తువు మారిస్తేనే కూలి అని మనమే నేర్పించి, వాడు వస్తువులు మారిస్తే మోసగాడంటాము. మోసం చేసేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. అయితే మా 6,400లో మోసం కన్నా మా పిసినారితనమే ఎక్కువ.

రైల్వేలో మేము కాగితాలవాళ్ళమే, చక్రం ముట్టినవాళ్ళం కాదు. కానీ ప్లాట్‌ఫారం మీద బండి ఆగితే సుత్తి పట్టుకొని ఒక్కొక్క చక్రాన్నీ తట్టుకుంటా పోయేవాళ్ళను చూస్తా పెరిగినాము. మంచి చక్రం గంటలాగా మోగుతుంది, బీట ఉన్నది మొద్దుగా మోగుతుంది. బండి మొత్తం తట్టి ఏమీ దొరక్కపోయినా ఆయన జీతం ఆయనకు వచ్చేది. వినడమే ఆయన పని. పక్కనే హోసూరులో లేలాండ్ లారీలు, టీవీఎస్ బండ్లు తయారవుతాయి, మన పిల్లలు వందల మంది అక్కడ పనిచేస్తారు. మనకు మాత్రం వినడం ఒక పని అని ఇంకా తోచలేదు.

"పాటలు గట్టిగా పెట్టుకో" అన్న ఇద్దరికీ ఒక మాట. బుష్షు సద్దూ బాల్ జాయింట్ సద్దూ లోపల కూర్చొన్నవానికి ఒకేలాగా వినిపిస్తాయి. బుష్షు పోతే చెవికి బాధ. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడుచుకుంటుంది. మన సంఘంలోనే ఒకరి బండికి అట్లా అయింది. సంత వీధిలో, మనిషి నడిచే వేగంలో అయింది కాబట్టి సరిపోయింది. అదే అంచెట్టి మలుపుల్లో అయి ఉంటే? చూడడం పెద్ద పని కాదు. బండి ఎత్తి స్టాండు మీద నిలిపి (జాకీని నమ్మి కిందికి దూరవద్దండి), చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపాల. ఆడితే ఒకరిని బ్రేకు తొక్కమనాల. బ్రేకు తొక్కితే ఆట ఆగిపోతే బేరింగు, అప్పుడూ ఆడుతుంటే బాల్ జాయింట్ మీద అనుమానం.

ఇంకొకటి. లోయర్ ఆర్మ్ బుష్షులు కొత్తవి వేస్తే, చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు గట్టిగా బిగించనీయవద్దు. బండి బరువు చక్రాల మీద దిగినాక బిగించాల. లేకపోతే రబ్బరు మెలి పడే కూర్చుంటుంది, కొన్నాళ్ళకే చిరుగుతుంది. మళ్ళీ టక్. మళ్ళీ "కంపెనీ వస్తువు మంచిది కాదు" అని మనమే తిట్టుకుంటాము.

అమ్మేయమన్నవాళ్ళ లెక్క మాకు అర్థం కాలేదు. పదిహేనేండ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, నిజమే, మంటే. దానికని లక్షల అప్పు చేయాలనా? కొత్త కారులో కూడా ఉండేది అదే రబ్బరు, పోయేది అదే దారి.

ఆ మెకానిక్ వద్దన్నా వెతికిన కూలి అని వేరేగా 300 చేతిలో పెట్టినాము. తీసుకోవడానికి సిగ్గుపడినాడు. మన సంఘంలో నూరు ఇండ్లవాళ్ళు ఇట్లా ఇస్తే ఆ సిగ్గు పోతుంది.

తమ్ముడూ, ఈ ఆదివారం పొద్దున్నే బండి తీసుకొని మా ఇంటికి రా. నీ పక్కన కూర్చొని వింటాము. వచ్చే ముందు డిక్కీ ఖాళీ చేసుకొని రా.