కడిగి బోర్లించిన గ్లాసు

సోమవారంనాడు మా వేములవాడలో గడప దాటడమంటే సాహసమే. కోడె మొక్కు తీర్చుకొనేవాళ్ళు, ధర్మగుండంలో మునిగి తడిబట్టలతో నడిచేవాళ్ళు, పిల్లవాణ్ణి తప్పిపోయి అరిచేవాళ్ళు - వీధంతా జనమే. అందుచేత సోమవారాల్లో నేను అరుగుమీదే కూర్చుని పత్రిక చదువుకుంటాను. అలా కూర్చున్న ఒక సోమవారమే నా సంగతి నాకు తెలిసివచ్చింది.

వచ్చినవాడు నా పాత శిష్యుడు. లెక్కల్లో గట్టివాడు. తండ్రి సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. ఇక్కడ పని సన్నగిల్లితే కొడుకు పద్దెనిమిదో ఏట భీవండి బస్సెక్కాడు. అక్కడా సాంచాలే. పగలు కొందరు, రాత్రి కొందరు వంతులవారీగా పడుకొనే ఒకే గది, దానికి ఒకే కిటికీ. మూడేళ్ళ క్రిందట దగ్గు పట్టుకున్నది. క్షయ అన్నారు. ఇంటికి వచ్చి ఆరు నెలలు మందు మింగాడు, నయమయింది. ఈమధ్య దుబాయి పని దొరికితే అప్పుచేసి ఏజెంటుకు కట్టాడు. ప్రయాణానికి ముందు వైద్యపరీక్షలో, ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపించింది. కాగితం మీద ఒక్కటే మాట వ్రాశారు: అన్‌ఫిట్.

"రోగం పోయింది సారూ, మచ్చ పోలే" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాననే అనుకుంటాను. కాని చెప్పొద్దూ, నా చూపు అతని చేతిలోని టీ గ్లాసు మీద ఉన్నది. మా ఆవిడ ఏ గ్లాసులో ఇచ్చింది? మనవరాలు పాలు తాగే గ్లాసు కాదుగదా?

పదేళ్ళు నా ఎదుట బెంచీమీద కూర్చున్నవాడికి నా చూపు తెలియదూ? టీ తాగి, పంపు దగ్గరికి వెళ్ళి, గ్లాసు తానే తోమి, గోడవారగా బోర్లించి, "పోయత్త సారూ" అని వెళ్ళిపోయాడు.

మా ఆవిడ ఒక్క మాటే అన్నది: "లెక్కలు చెప్పినోళ్ళకు ఈ లెక్క తెల్వదా?"

నిజమే, తెలియదు. తెలిసిన డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను, నాలుగు పుస్తకాలు తిరగేశాను.

క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో లోకానికి చూపించాడు. అది గ్లాసుల్లోనూ కంచాల్లోనూ కాపురం చెయ్యదు. ఊపిరితిత్తుల్లో క్షయ ఉన్నవాడు దగ్గినప్పుడు గాలిలో కలుస్తుంది. గాలి ఆడని గదిలో చాలాసేపు కలిసి ఉన్నవాళ్ళ ఊపిరిలోకి పోతుంది. సరైన మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. పూర్తిగా నయమైనవాడు తాగిన గ్లాసు చూసి భయపడ్డ నేను దేనికి భయపడ్డట్టు?

మా పెద్దల కాలంలో క్షయ అంటే ఇల్లు విడిచి అనంతగిరి కొండకో, మదనపల్లె ఆరోగ్యవరానికో పోవడమే. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలయింది. బీదవాడల రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇరుకిళ్ళలోనే మందు ఇచ్చారు. ఇంట్లోనూ దాదాపు అంత బాగానే నయమయింది. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబంవారికి ముప్పు పెరగలేదని కూడా తేలింది. 1959లో వెలువడిన ఆ ఫలితం లోకమంతటా క్షయ వైద్యాన్నే మార్చివేసింది. అరవై ఏళ్ళు దాటినా ఆ సంగతి మా అరుగు దాకా రాలేదు!

"వలసపోయినోళ్ళు రోగాలు మోసుకొస్తరు" అని మన వీధుల్లో తేలికగా అనేస్తాం. క్రిమి ఒంట్లో చేరినా ఏళ్ళతరబడి నిద్రపోవచ్చునట. చేరినవాళ్ళలో చాలామందికి రోగమే రాదు. తిండి తగ్గి, ఒళ్ళు అలిసి, సత్తువ చెడితే అది లేస్తుంది. కనుక మావాడు దాన్ని భీవండినుంచి తెచ్చాడో, చిన్ననాడు ఇక్కడే అంటుకున్నది అక్కడ లేచిందో ఎవరు చెప్పగలరు? గది ఇరుకు చేసినవాణ్ణి వదిలి, గదిలో పడుకున్నవాణ్ణి తప్పుపట్టడం ఏం న్యాయం?

అంతకంటె పెద్ద నష్టం మరొకటున్నది. మచ్చ కనిపిస్తే వీసా పోతుంది, మాట పొక్కితే పెళ్ళి సంబంధం పోతుంది, దగ్గితే ఇరుగుపొరుగు గ్లాసు వేరు పెడతారు. ఇక దగ్గే మనిషి పరీక్షకు ఎందుకు వెళతాడు? దాచుకుంటాడు. రెండు నెలలకు ఒళ్ళు తేలికపడగానే మందు మానేసి బస్సెక్కుతాడు. అలా నడుమ మానేస్తే మందుకు లొంగని క్షయ తయారుకావచ్చు. మన భయమే రోగాన్ని పెంచుతున్నదన్నమాట.

మీ ఇంట్లోనో పొరుగునో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గుంటే సర్కారు దవాఖానాకు తీసుకువెళ్ళండి. తెమడ పరీక్ష, మందులు ఉచితం. పౌష్టికాహారానికి 2018లో నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరునుంచి 1000 చేశారు. మందు నడుస్తుండగా పనికోసం వేరే ఊరు పోవలసివస్తే ముందుగా దవాఖానాలో చెప్పాలి, అక్కడికి బదిలీ చేస్తారు. మానడం మాత్రం కూడదు.

మరుసటి సోమవారం జనాన్ని తోసుకుంటూ నేనే అతని ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ టీ ఇచ్చింది. తాగి, గ్లాసు పట్టుకుని పంపువైపు లేచాను. అతను గబుక్కున నా చేతిలోంచి అందుకున్నాడు.

"మీరు కూసోండ్రి సారూ."

కూర్చున్నాను. అతని అప్పు అలాగే ఉన్నది, వీసా రాలేదు. నా లెక్క కూడా సరిపోయిందని అనుకోను. కాని ఇప్పుడతను మా ఇంటికి వస్తున్నాడు. గ్లాసు మా ఇంట్లోవాళ్ళమే కడుగుతున్నాం.